పాటే వార్తాచిత్రం: నల్లగొండ సాయుధ పోరాటం, ఆఫ్రికా విముక్తి సినిమా

తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం (1946–51) సాగుతున్న రోజుల్లో దళాల మధ్యకు సినిమా కెమెరా వెళ్లిన దాఖలా కనిపించదు. ఆ అయిదేళ్ల నుంచి మనకు మిగిలినవి పాటలు, బుర్రకథలు, గొల్లసుద్దులు, ఉయ్యాల పాటలు, ఆ తర్వాత ఎప్పుడో రాసుకున్న జ్ఞాపకాలు. ఏ ఊళ్లో ఏ దొర ఎవరి భూమి గుంజుకున్నాడో, ఎవరు ఎదురు తిరిగారో, ఎవరు నేలకొరిగారో పక్క ఊరికి చేరవేసింది పాటే. సినిమాహాలులో వార్తాచిత్రం చేసే పని ఇక్కడ పాట చేసింది. 1950 నుంచి ఆఫ్రికాలో వలసపాలనకు ఎదురు నిలిచిన ఉద్యమాలకు కెమెరా తోడుగా వచ్చింది. అక్కడా పాట పక్కకు తప్పుకోలేదు. సినిమా వెంట నడిచింది, చాలాచోట్ల సినిమాకు దారి చూపింది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాన్ని కేంద్రంగా తీసుకుని ఈ రెండు చరిత్రలనూ, అవి కలిసిన ఒకటి రెండు చోట్లనూ ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

ప్రాంతం

నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీద నల్లగొండ దాటి మిర్యాలగూడ వైపు వస్తుంటే దారిలో తగిలే మండల కేంద్రం వేములపల్లి. ఇప్పుడు చుట్టూ సాగర్ ఎడమ కాలువ కింది వరి, మిర్యాలగూడ చేరేసరికి వరసగా రైస్‌మిల్లులు. ఇదంతా 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలిన తర్వాతి దృశ్యం. అంతకు ముందు ఇక్కడ ఎక్కువ భాగం మెట్ట. పోరాటం జరిగింది ఆ మెట్ట భూముల మీద, చెరువుల కింది కాస్త తరి మీద.

నిజాం రాజ్యం సాంకేతికంగా వలస కాదు. 1798 నాటి సైన్య సహకార ఒప్పందంతో నిజాం బ్రిటిష్ వారికి లోబడిన మిత్రుడయ్యాడు. కోఠీలోని రెసిడెన్సీలో కూర్చున్న దొర మాట దాటి పెద్ద నిర్ణయం జరిగేది కాదు. ఊళ్లలో మాత్రం రాజ్యమంటే దొర కోట, గడీ. కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య తన పోరాట చరిత్రలో ఇచ్చిన లెక్క ప్రకారం సూర్యాపేట వైపు జన్నారెడ్డి ప్రతాపరెడ్డి చేతిలో లక్షన్నర ఎకరాలు, జనగామ వైపు విసునూరు దేశ్‌ముఖ్ చేతిలో 40 వేల ఎకరాలు ఉండేవి. వెట్టి చేయని కులం లేదు. సభ పెట్టాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలని గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు ఉండేది. కచేరీ భాష ఉర్దూ. అందుకే ఇక్కడి ఉద్యమం గ్రంథాలయంతో, భాషతో మొదలై భూమి దగ్గరకు వచ్చింది. 1941లో ఆంధ్ర మహాసభ ఎనిమిదో సమావేశం ఈ ప్రాంతంలోని చిలుకూరులోనే రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగింది. ఊళ్లలో జనం దాన్ని ఆంధ్ర మహాసభ అనలేదు, ‘సంగం’ అన్నారు.

కోదాడ పక్కనున్న మునగాల పరగణా కథ వేరు. చుట్టూ నిజాం రాజ్యం ఉన్నా అది బ్రిటిష్ కృష్ణా జిల్లాకు చెందిన ముక్క. అక్కడి జమీందారు నాయని వెంకట రంగారావు భాషాభిమాని. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషానిలయం స్థాపనకు అండగా నిలిచాడు. ఆయన దివానుగా పనిచేసినవాడే తెలుగులో విజ్ఞాన సర్వస్వానికి ఆద్యుడైన కొమర్రాజు లక్ష్మణరావు. ఆ జమీందారు మీదనే 1930లలో రైతులు తిరగబడ్డారు. మన విజ్ఞాన సర్వస్వాల పుట్టుక వెనుక రైతు కట్టిన శిస్తు ఉందని ఇలాంటి వ్యాసంలోనే చెప్పుకోవడం న్యాయం. మునగాల పోరాటం మరో మేలు కూడా చేసింది. సరిహద్దు దాటితే నిజాం పోలీసులకు అధికారం లేదు కాబట్టి మనుషులూ కరపత్రాలూ పాటలూ కోదాడ దారిన అటూ ఇటూ తిరిగాయి.

బుర్రకథ దళం

కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి ఆ దారిన వచ్చిన కళ బుర్రకథ. 1943 తర్వాత కమ్యూనిస్టుల కళాసంస్థ ప్రజానాట్యమండలి దాన్ని భిక్షగాళ్ల విద్య స్థాయి నుంచి రాజకీయ వేదిక మీదకు ఎక్కించింది. దాని నిర్మాణం చూస్తే ఉద్యమానికి అది ఎందుకంత పనికొచ్చిందో తెలుస్తుంది. మధ్యలో కథకుడు: భుజం మీద తంబూరా, బొటనవేలికి అందె, కాళ్లకు గజ్జెలు. అడుగు ముందుకు వేస్తూ వెనక్కు వేస్తూ పాడతాడు, పాట ఆపి వచనంలో చెబుతాడు. అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఒక వంత హాస్యం చెబుతాడు. రెండో వంత రాజకీయం చెబుతాడు. కథ మధ్యలో అడ్డుపడి ఇవాళ్టి సంగతి అడుగుతాడు, దానికి కథకుడు జవాబు చెబుతాడు. కథ అల్లూరి సీతారామరాజుదైనా రాజకీయపు వంత అడిగే ప్రశ్న మొన్న పక్క ఊళ్లో జరిగిన లాఠీచార్జి గురించి కావచ్చు. పాత కథలో కొత్త వార్త దూర్చే ఈ సందు బుర్రకథలో ముందునుంచే ఉంది. డాక్యుమెంటరీలో వ్యాఖ్యాత గొంతు పైనుంచి ఒంటరిగా వినిపిస్తుంది, ఎవరూ ఎదురు ప్రశ్న వేయరు. ఆ మేరకు బుర్రకథ రూపమే మెరుగైనదని చెప్పవచ్చు.

ఈ కళలో పేరుమోసిన షేక్ నాజర్ (1920–1997) గుంటూరు జిల్లా పొన్నెకల్లు మనిషి. ఆయన చెప్పిన అల్లూరి కథ 1954లో ‘అగ్గిరాముడు’ సినిమాలోకి కూడా వెళ్లింది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు 1947లో రాసిన ‘మా భూమి’ నాటకం తెలంగాణ రైతు కథను కోస్తా ఊళ్లన్నింటా చూపించింది. మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. అంతకు ముందే 1939లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన ‘రైతుబిడ్డ’ సినిమాకు జమీందార్ల ఒత్తిడితో కొన్నిచోట్ల ప్రదర్శన ఆగిపోయింది. సినిమాను ఆపడం తేలిక. రీళ్ల పెట్టె పట్టుకుంటే చాలు.

నల్లగొండ లోపల పాట మరింత నేల మీది రూపాలు తీసుకుంది. సుద్దాల హనుమంతు (మరణం 1982) గొల్లసుద్దులను, పల్లె బాణీలను తీసుకుని వెట్టి మీద, పశుల కాపరి పిల్లవాడి బతుకు మీద పాటలు కట్టాడు. ఊరికి తెలిసిన బాణీ కాబట్టి నేర్పాల్సిన పని లేదు, ఒకసారి వింటే రెండోసారి అందుకుంటారు. దళ సభ్యుడు, పోరాటంలో ప్రాణం ఇచ్చిన యాదగిరి నిజాంను నేరుగా నిలదీస్తూ కట్టిన ‘బండెనక బండి కట్టి’ ఇప్పటికీ ఈ జిల్లాల్లో పసిపిల్లల నోట ఉంది. కరివిరాల కొత్తగూడెం దేశ్‌ముఖ్ కుటుంబంలో పుట్టిన మల్లు స్వరాజ్యం (1931–2022) ఆడవాళ్ల ఉయ్యాల పాటకు సంగం మాటలు పొదిగి పాడుతూ ఊళ్లు తిరిగింది, తర్వాత దళ నాయకురాలయింది. అన్న భీమిరెడ్డి నరసింహారెడ్డి గెరిల్లా యుద్ధం నడిపితే చెల్లెలి పాట ఆ దళాలకు మనుషుల్ని తెచ్చింది. బతుకమ్మ చుట్టూ తిరుగుతూ పాడే పాటను ఏ పోలీసు అమీనూ సభ అని రాసుకోలేడు. గస్తీ 53కు అందని సభ అది.

1946 జులై 4న కడవెండిలో సంగం కార్యకర్త దొడ్డి కొమరయ్య విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తుపాకీ గుండుకు చనిపోయాడు. కొమరయ్య పేరు పాటల్లోకి ఎక్కి ఊరూరా తిరిగింది. పోరాటం 1951 అక్టోబరులో ఆగేనాటికి సుందరయ్య లెక్కలో 3 వేల గ్రామాలు, 10 లక్షల ఎకరాల పంపకం, 4 వేల మంది మృతులు.

పాటకు లోపాలూ ఉన్నాయి. అది వీరుణ్ని మోస్తుంది, దళంలో జరిగిన తగాదాను మొయ్యదు. అంకెను నిలబెట్టుకోదు. ఆడవాళ్లు పాడిన పాటలు మిగిలాయి గానీ వాళ్ల సొంత కథలు ఆ పాటల్లో నిలవలేదు.

అదే ఏడాది డర్బన్‌లో

1946 జూన్ 13న, అంటే కొమరయ్య చనిపోవడానికి మూడు వారాల ముందు, దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో మాంటీ నాయకర్, యూసుఫ్ దాదూ నాయకత్వంలో సత్యాగ్రహం మొదలైంది. కారణం అక్కడ కూడా భూమే. భారతీయులు ఎక్కడ భూమి కొనవచ్చు, ఎక్కడ నివసించవచ్చు అన్నది నిర్ణయించే చట్టాన్ని స్మట్స్ ప్రభుత్వం తెచ్చింది. జనం దాన్ని ‘ఘెట్టో చట్టం’ అన్నారు. గేల్ స్ట్రీట్, అంబైలో రోడ్ కలిసే మూలన ఖాళీ స్థలంలో గుడారాలు వేసి కూర్చున్నారు. దెబ్బలు తిన్నారు, దాదాపు 2 వేల మంది జైలుకు వెళ్లారు. భారత ప్రభుత్వం ఆ నెలలోనే ఐక్యరాజ్యసమితికి ఫిర్యాదు చేసింది, జులైలో దక్షిణాఫ్రికాతో వర్తకం తెంచుకుంది.

ఆ డర్బన్‌లో తెలుగువాళ్లు ఉన్నారు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి వచ్చిన ‘ట్రూరో’ ఓడలో దిగిన 342 మందితో మొదలై 1911 దాకా లక్షన్నర మందికి పైగా భారతీయులు చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా వెళ్లారు. మద్రాసు రేవు నుంచి వెళ్లినవాళ్లలో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్ల వారసులు 1931లో దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభను స్థాపించారు. నిజాం రాజ్యంలో ఆంధ్ర మహాసభ తొలి సమావేశం 1930లో జోగిపేటలో జరిగింది. ఏడాది తేడాతో అదే పేరు, రెండు చోట్లా తెలుగు బడి కోసం తపన. ఒకటి మరొకదాన్ని చూసి పెట్టుకున్నదని చెప్పడానికి వీల్లేదు. డర్బన్ సభ భాషకూ సంస్కృతికీ అంకితమై సాగింది, ఇక్కడిది తుపాకీ దాకా వెళ్లింది.

ఆఫ్రికాతో హైదరాబాదుకు మరో పాత బంధం ఉంది. నిజాం అశ్వికదళంలో ఆఫ్రికా సంతతి సిద్దీలు పనిచేశారు. మాసబ్‌ట్యాంక్ దగ్గరి ఏసీ గార్డ్స్ పేటకు ఆ పేరు ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ నుంచే వచ్చింది. పాతబస్తీ పెళ్లిళ్లలో మోగే మర్ఫా వాద్యం వాళ్ల ద్వారా, యెమెన్ నుంచి వచ్చిన చావూష్‌ల ద్వారా నిలిచింది. సంఘీభావం మాట అటుంచితే ఆ బంధం నిజాం వైపు నిలబడింది. సంగీతం ఎప్పుడూ పీడితుల పక్షమే అని నమ్మేవాళ్లు దీన్ని గుర్తుంచుకోవాలి.

కెమెరా వెళ్లిన చోట

ఫ్రెంచి వలసల్లో కెమెరా వాడాలంటే 1934 నాటి లావాల్ డిక్రీ ప్రకారం గవర్నరు అనుమతి కావాలి. గస్తీ 53 సభకు చేసిన పనే ఈ డిక్రీ సినిమాకు చేసింది. దాన్ని ఖాతరు చేయకుండా 21 ఏళ్ల రెనే వోతియే 1950లో ‘ఆఫ్రికా 50’ తీశాడు. ఫ్రాన్సు బడిపిల్లలకు ఆఫ్రికా పల్లె జీవితం చూపించే విద్యాచిత్రం తీసుకురమ్మని పంపితే, తగలబడిన ఊళ్లు, చనిపోయినవాళ్ల పేర్లు, లాభాలు తీసుకెళ్లే కంపెనీల పేర్లతో తిరిగొచ్చాడు. పట్టుమని ఇరవై నిమిషాలు లేని ఆ చిత్రానికి 40 ఏళ్లకు పైగా నిషేధం, తీసినవాడికి జైలు. అందులో వినిపించే సంగీతం గినీకి చెందిన కైతా ఫొదేబా బృందానిది. ఫొదేబా తర్వాత ఆఫ్రికన్ బ్యాలే స్థాపించి ప్రపంచమంతా తిరిగాడు, స్వతంత్ర గినీలో మంత్రి అయ్యాడు, 1969లో అదే ప్రభుత్వపు క్యాంప్ బోయ్‌రో జైలులో చంపబడ్డాడు. వలసదొరల కింద పాడి బతికినవాడు స్వరాజ్యంలో బతకలేదు.

పోర్చుగీసు వలసల్లో సినిమాను ఉద్యమమే చేతికి తీసుకుంది. గినీ బిస్సావు విముక్తి నాయకుడు అమిల్కార్ కాబ్రాల్ 1967లో నలుగురు యువతీయువకులను సినిమా నేర్చుకోవడానికి క్యూబా పంపాడు. వాళ్లలో సానా నా ఎన్‌హాదా, ఫ్లోరా గోమెజ్ తర్వాత పేరున్న దర్శకులయ్యారు. 1973 జనవరిలో కాబ్రాల్ హత్యకు గురయ్యాడు. ఆ సెప్టెంబరు 24న అడవిలో స్వాతంత్ర్య ప్రకటన జరుగుతుంటే ఆ శిష్యులే చిత్రీకరించారు. అంగోలా పోరాటాన్ని తెరకెక్కించిన సారా మల్దోరోర్ తొలి లఘుచిత్రానికి చికాగో నల్లజాతి జాజ్ బృందం సంగీతం ఇచ్చింది. 1972లో ఆమె తీసిన ‘సంబిజాంగా’లో ఉద్యమ కార్యకర్తలే నటులు. 1969లో అల్జీర్స్‌లో జరిగిన ఆఫ్రికా సాంస్కృతికోత్సవాన్ని విలియం క్లైన్ డాక్యుమెంటరీగా తీశాడు. దక్షిణాఫ్రికా నుంచి బహిష్కృతురాలైన మిరియం మకేబా, అమెరికా జాజ్ వాద్యకారులు, ఇంకా పోరాడుతున్న దేశాల గెరిల్లాలు అందరూ అందులో కనిపిస్తారు. మకేబా అంతకు పదేళ్ల ముందే ఒక సినిమాలో పాడింది. లయనెల్ రొగోసిన్ జొహానెస్‌బర్గ్‌లో రహస్యంగా తీసిన ‘కమ్ బ్యాక్, ఆఫ్రికా’ (1959) అది. సంగీత చిత్రం తీస్తున్నానని అధికారులకు చెప్పి వర్ణవివక్ష చిత్రం తీసుకుపోయాడు.

కెమెరా కన్నా పాట మీదే ఎక్కువగా నడిచిన పోరాటం జింబాబ్వేది, నల్లగొండకు అన్నిటికన్నా దగ్గరిది. గెరిల్లాలు రాత్రివేళ ఊరి జనాన్ని పోగుచేసి తెల్లవార్లూ పాటలతో జరిపే సభను ‘పుంగ్వే’ అనేవారు. ఊరి పూజల్లో మోగే ఎంబిరా వాద్యపు వరసలను థామస్ మప్ఫూమో గిటారు మీదకు తెచ్చి పాడితే రొడీషియా ప్రభుత్వం 1970ల చివర అతన్ని నిర్బంధంలో పెట్టింది. ఊరికి తెలిసిన బాణీలో కొత్త మాట పొదగడమనే హనుమంతు కిటుకు అక్కడా అంతే పనిచేసింది.

లుముంబా, మఖ్దూం

ఈ ప్రాంతాన్నీ ఆఫ్రికానూ ముడివేసే గట్టి దారం ఉర్దూలో ఉంది. మఖ్దూం మొహియుద్దీన్ (1908–1969) మెదక్ జిల్లా అందోలులో పుట్టిన కవి, హైదరాబాదు కార్మికోద్యమ నిర్మాత, సాయుధ పోరాట నాయకుల్లో ఒకడు. పోరాటం ముగిశాక 1952లో జరిగిన ఉప ఎన్నికలో ఆయన్ని శాసనసభకు పంపింది హుజూర్‌నగర్ ఓటర్లు. తెలుగు రైతులు ఉర్దూ కవిని గెలిపించడంలో ఇక్కడివారికి వింతేమీ కనిపించలేదు. ఉర్దూ నిజాం కచేరీ భాషే కాదు, సంగం నాయకుడి భాష కూడా.

ఆ దారం రెండో కొస కాంగో. 1960 జూన్ 30న ఆ బెల్జియం వలస స్వతంత్రమైంది. దానికి అయిదు నెలల ముందే ఆ స్వాతంత్ర్యం పాటగా వచ్చేసింది. బ్రస్సెల్స్‌లో బెల్జియం పాలకులతో చర్చలు జరుగుతుండగా జోసెఫ్ కబసెలె బృందం ‘ఇండిపెండెన్స్ చా చా’ కట్టింది. నాట్యానికి పనికొచ్చే హుషారు పాట అది. దాని చరణాల్లో ఉన్నది మాత్రం చర్చల బల్ల దగ్గర కూర్చున్న పార్టీల పేర్లు, నాయకుల పేర్లు. రేడియో దాన్ని ఖండమంతా మోసింది. అక్షరం రానివాడికి కూడా ఏ పార్టీ చర్చల్లో ఉందో తెలిసింది. పాటే వార్తాచిత్రం అన్న మాటకు ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

తొలి ప్రధాని పాట్రిస్ లుముంబాను 1961 జనవరి 17న కటంగాలో కాల్చి చంపారు. వార్త ఫిబ్రవరిలో బయటపడింది. 15న న్యూయార్కులో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి సమావేశంలోకి గాయని యాబీ లింకన్, రచయిత్రి మాయా ఏంజెలో, డ్రమ్మర్ మాక్స్ రోచ్, మరికొందరు చొరబడి అరిచారు. హైదరాబాదులో మఖ్దూం ‘చుప్ న రహో’ రాశాడు. లుముంబా హత్య మీద రాసిన ఆ కవిత ఆయన ‘బిసాత్-ఎ-రక్స్’ సంపుటిలో ఉంది, ఆ సంపుటికి సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. మౌనాన్ని నేరంగా లెక్కగట్టే కవిత అది. నిజాం పక్షాన ఆయుధం పట్టిన రజాకార్ల కాలంలో మౌనంగా ఉండమన్న సలహాను పాటించని మనిషికి కాంగో దూరదేశంగా తోచలేదు. ఆయన పాటలు హిందీ సినిమాలోకీ వెళ్లాయి. సైనికుణ్ని ఎక్కడికి పోతున్నావని అడిగే ఆయన రచన 1960లో ‘ఉస్‌నే కహా థా’లో సలీల్ చౌధురి సంగీతంతో వినిపించింది.

లుముంబా కథ 2024లో మళ్లీ తెరకెక్కింది. బెల్జియం దర్శకుడు యొహాన్ గ్రిమొన్‌ప్రే తీసిన ‘సౌండ్‌ట్రాక్ టు ఎ కూ దెతా’ రెండున్నర గంటల డాక్యుమెంటరీ. ఐక్యరాజ్యసమితి ప్రసంగాలు, గూఢచారుల మాటలు, పాత వార్తాచిత్రాలు, జాజ్ కచేరీలు ఒకదానిమీద ఒకటి పడుతూ సాగుతుంది. అమెరికా ప్రభుత్వం స్నేహదూతగా పంపిన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ట్రంపెట్‌కు 1960లో కాంగోలో వేలమంది చప్పట్లు కొడుతుంటే తెర వెనుక కుట్ర ఎలా నడిచిందో చూపిస్తుంది. సంగీతం కుట్రకు ముసుగూ అయింది, ఆ కుట్రను నిలదీసే కేకా అయింది. సన్‌డాన్స్‌లో బహుమతి, ఆస్కార్‌కు నామినేషన్ పొందిన ఈ చిత్రం చూస్తే నెహ్రూ కాలపు భారతదేశం కూడా ఐక్యరాజ్యసమితి బల్ల దగ్గర కనిపిస్తుంది. భారత సైనికులు ఐక్యరాజ్యసమితి తరఫున కాంగో వెళ్లారు కదా.

1979

ఆ ఏడాది రెండు సినిమాలు తయారయ్యాయి. ఒకటి మన ‘మా భూమి’, రెండోది మొజాంబిక్ తీసిన ‘ముయెదా’. ఒకదాని సంగతి ఒకటి ఎరగకుండా ఒకే పని చేశాయి.

‘మా భూమి’ పేరు 1947 నాటకానిదే అయినా కథ కిషన్ చందర్ ఉర్దూ నవల ‘జబ్ ఖేత్ జాగే’ది. బి.నరసింగరావు, జి.రవీంద్రనాథ్ నిర్మించారు. దర్శకుడు గౌతమ్ ఘోష్ అప్పటికి డాక్యుమెంటరీలు తీసిన బెంగాలీ యువకుడు. కరువు మీద తీసిన ‘హంగ్రీ ఆటమ్’తో పేరు తెచ్చుకున్నాడు. ఇదే అతని తొలి కథాచిత్రం. మెదక్ జిల్లా మంగళపర్తిలో నలుపు తెలుపులో తీశారు. సాయిచంద్‌కు, తెలంగాణ శకుంతలకు ఇదే మొదటి సినిమా. కథానాయకుడు రామయ్య దొర మీద కోపంతో ఊరు విడిచి ముందు సూర్యాపేట, ఆపైన హైదరాబాదు చేరతాడు. అక్కడ కార్మిక నాయకుడు మఖ్బూల్ దగ్గర చదువూ రాజకీయమూ నేర్చుకుని తిరిగొస్తాడు.

సినిమా నడకలో డాక్యుమెంటరీ చెయ్యి తెలుస్తూనే ఉంటుంది. గడీ గోడ, బావి మోట, సంత, వెట్టికి నడిచే కాళ్లు: కథకు అవసరమైనదానికన్నా ఒక క్షణం ఎక్కువసేపు కెమెరా వాటి మీద నిలబడుతుంది. అయినా జనం గుర్తుపెట్టుకున్నది పాటనే. భుజాన గొంగడి, చేత కర్రతో గద్దర్ తెర మీద నిలబడి యాదగిరి పాట అందుకున్నాడు. పాట పుట్టి అప్పటికి ముప్పై ఏళ్లు దాటింది. కట్టినవాడు లేడు. పాడుతున్నవాడు పాట తర్వాత పుట్టినవాడు. గద్దర్ (అసలు పేరు గుమ్మడి విఠల్) 1949లో తూప్రాన్‌లో పుట్టాడు. 1970ల మొదట్లో నరసింగరావు పెట్టిన ఆర్ట్ లవర్స్ బృందంలో బుర్రకథలు చెప్పి, విప్లవ కళాసంస్థ జననాట్యమండలికి వెళ్లి, 1913లో అమెరికాలో ప్రవాస భారతీయులు పెట్టిన గదర్ పార్టీ పేరును తన పేరు చేసుకున్నాడు. హనుమంతు ‘పల్లెటూరి పిల్లగాడా’ కూడా ఈ సినిమాతోనే తెలంగాణ దాటింది. వింజమూరి సీత సంగీతం ఈ పాటలకు మెరుగులు దిద్దకపోవడమే చేసిన మేలు. పారిపోయిన దొర పోలీసు చర్యగా పిలిచే భారత సైన్యపు రాక తర్వాత ఖద్దరు టోపీ పెట్టుకుని తిరిగిరావడాన్ని కూడా చివర్లో సినిమా దాచకుండా చూపించింది.

‘ముయెదా’ దర్శకుడు రుయ్ గెర్రా మొజాంబిక్‌లో పుట్టి బ్రెజిల్ నవ్య సినిమాలో పేరు తెచ్చుకున్నవాడు. 1960 జూన్ 16న ముయెదా ఊళ్లో పోర్చుగీసు అధికారి కార్యాలయం ముందు చేరిన జనం మీద కాల్పులు జరిగాయి; చనిపోయినవారి సంఖ్య మీద చరిత్రకారులకు ఏకాభిప్రాయం లేదు. స్వాతంత్ర్యం వచ్చాక ఊరివాళ్లే అదే చోట ఆ ఘటనను నాటకంగా ఆడుతూ వచ్చారు. గెర్రా ఆ నాటకాన్నే చిత్రీకరించాడు. ఊరివాళ్లే పోర్చుగీసు అధికారుల వేషాలు వేసి వెక్కిరిస్తూ ఆడతారు, చూసే జనం నవ్వుతారు, మధ్యమధ్య ఆ రోజు బతికి బయటపడ్డవాళ్లు కెమెరా ముందు జ్ఞాపకం చెబుతారు. అది మొజాంబిక్ తొలి కథాచిత్రంగా చరిత్రకెక్కింది. నిజానికి అది డాక్యుమెంటరీనా, నాటకమా, కథా అన్నది తేలదు. మన పండితులైతే వీధినాటకం అనేసి ఊరుకునేవారు.

రెండు చోట్లా సినిమా కొత్తగా కనిపెట్టింది తక్కువ. జనం అప్పటికే భద్రంగా మోస్తున్న రూపం దగ్గరకు, ఒకచోట పాట, ఒకచోట నాటకం, కెమెరా వెళ్లి నిలబడింది. విముక్తి సినిమా గురించి రాసేవాళ్లు దర్శకుల ధైర్యాన్ని మెచ్చుకుంటారు, మెచ్చుకోవాల్సిందే. కానీ దస్త్రం వాళ్లకన్నా ముందే ఉంది.

హైదరాబాదు నుంచి ఆఫ్రికా దాకా వెళ్లిన దర్శకుడు శ్యామ్ బెనెగల్ (1934–2024). 1945 నాటి తెలంగాణ పల్లె దొరతనాన్ని ‘నిశాంత్’ (1975)లో చూపించినవాడే, ఫాతిమా మీర్ పుస్తకం ఆధారంగా దక్షిణాఫ్రికాతో కలిసి ‘ద మేకింగ్ ఆఫ్ ద మహాత్మా’ (1996) అక్కడే తీశాడు. ఒప్పంద కూలీల బతుకు అందులో కొంత ఉంది, పాట మాత్రం లేనట్టే.

దాచుకోవడం

వారం వారం వార్తాచిత్రాలు తీసిన మొజాంబిక్ జాతీయ సినిమా సంస్థ భవనం 1991లో కాలిపోయింది. గినీ బిస్సావులో కాబ్రాల్ శిష్యులు తీసిన రీళ్లు యుద్ధాలకూ తేమకూ చెడిపోగా మిగిలినవాటిని ఫిలిపా సేజర్ అనే కళాకారిణి బెర్లిన్ తీసుకెళ్లి డిజిటల్‌లోకి ఎక్కించారు. దక్షిణాఫ్రికా పాటల మీద 2002లో వచ్చిన ‘అమాండ్ల!’ డాక్యుమెంటరీ వుయిసిలే మినీతో మొదలవుతుంది. ఆయన పాటలు కట్టిన కార్మిక నాయకుడు, 1964లో ఉరి తీశారు. అనామకంగా పూడ్చిన ఎముకలను తవ్వి తీసి సగౌరవంగా మళ్లీ పాతిపెట్టడం ఆ చిత్రం చూపిస్తుంది. మన యాదగిరి పాటకు అలాంటి డాక్యుమెంటరీ వచ్చిన దాఖలా కనిపించదు. పాట మాత్రం మలిదశ తెలంగాణ ఉద్యమంలో ధూంధాం వేదికల దాకా నడిచింది. పాడినవారికి ముప్పు కూడా తప్పలేదు; భువనగిరి గాయని బెల్లి లలిత 1999లో హత్యకు గురైంది.

పాటలో నిలవని ఆడవాళ్ల కథలను స్త్రీశక్తి సంఘటన టేపురికార్డరుతో ఊళ్లు తిరిగి సేకరించింది. 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా అవి అచ్చయ్యాయి. దళాల్లో పనిచేసిన ఆడవాళ్లు గెలుపుతో పాటు పోరాటం ఆగాక తమను వంటింటికి పంపిన పార్టీ మీద కోపాన్ని కూడా దాచకుండా చెప్పారు. మల్లు స్వరాజ్యం తన కథను విమల, కాత్యాయనిలకు చెబితే 2019లో ‘నా మాటే తుపాకీ తూటా’ పేరుతో పుస్తకమైంది. అందులో ఉయ్యాల పాటల ప్రస్తావన ఉన్నా వాటి వరసలు కాగితం మీద దొరకవు. అవి కావాలంటే సూర్యాపేట వైపు ముసలమ్మల చేత పాడించుకోవాల్సిందే, ఆ వయసువాళ్లు ఇప్పుడు కొద్దిమందే మిగిలారు.